స్వస్థత జాబితాలో ఏడో పేరు

ఆమెను అందరూ ఆల్టరేషనమ్మ అంటారు. కొత్త బట్టలు కుట్టదు. వదులైనవి బిగిస్తుంది, బిగువైనవి వదులు చేస్తుంది. కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం పట్టేంత గది ఆమెది. పని చేసేటప్పుడు పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుంటుంది. కోపం వస్తే ముందు వాటిని తీసి సూదుల దిండుకు గుచ్చి, తరవాత నోరు తెరుస్తుంది. ఈ చర్చి గొడవ నాకు చెప్పిన రోజున దిండులో ఖాళీ లేదు.

పుట్టినప్పటి నుంచీ ఆమెది ఒకటే చర్చి. తాత అక్కడ గంట కొట్టాడు, తల్లి క్వయరులో పాడింది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆమేన్ అనాలో ఆరాధన పుస్తకంలో అచ్చై ఉంటుంది. ఆ క్రమం అంటే ఆమెకు విసుగు లేదు, ప్రాణం.

అక్కకు జబ్బు చేసినప్పుడు అక్క పేరును స్వస్థత జాబితాలో చేర్చారు. ప్రతి ఆదివారం పాస్టరు అయ్యగారు ఆ జాబితా చదువుతారు. పేరు పేరుకూ సంఘమంతా "ప్రభువా, స్వస్థపరచుము" అంటుంది. ఏడు నెలలు అలా అన్నారు. ఒక్కరూ అక్క గుమ్మం తొక్కలేదు. అక్క పోయింది. అదే అయ్యగారు, అదే తెల్ల అంగీలో వచ్చి సమాధి చేశారు.

ఆ తరవాత మూడు నెలలు ఆమె చర్చి ముఖం చూడలేదు. మళ్ళీ వెళ్ళిన మొదటి ఆదివారం, జాబితాలో ఏడో పేరు అక్కదే!

"ప్రభువా, స్వస్థపరచుము" అన్నారు అందరూ. సమాధి దగ్గర గుండెలు బాదుకున్న పిన్ని కూడా అంది.

ఆమె లేచింది. పుస్తకంలో అక్కడ లేవమని లేదు.

"ఆగండి అయ్యగారూ. మా అక్క పోయి మూడు నెలలైంది. మట్టి వేసింది మీరే. ఇప్పుడెవర్ని బాగుచెయ్యమంటున్నారు?"

సెక్రటరీగారు ముందు వరసలోంచి సగం లేచారు. "కూర్చోమ్మా! ఇవన్నీ ఆఫీసులో చెప్పుకోవాలి."

"చెప్పానండీ. మరణపత్రం మీ చేతికే ఇచ్చా. ఫైల్లో పెట్టుకున్నారు."

మూడో వరసలో రిటైరైన డ్రైవరు మెల్లగా చెయ్యెత్తాడు. "పన్లో పని, నా పేరూ కొట్టెయ్యండి బాబూ. కాలు అతుక్కుని రెండేళ్ళయింది. ఇంతమంది అడుగుతున్నారు కదా, కాదనడం ఎందుకులే అని ఊరుకున్నా."

నవ్వులు పుట్టాయి. ఆమె నవ్వలేదు.

చర్చి కమిటీ ముందుకు రమ్మని కబురొచ్చింది. వచ్చే ఆదివారం అందరి ముందూ క్షమాపణ చెప్పాలి, లేదంటే సభ్యత్వం రద్దు. ఈ సంగతి తెలిసి, కొత్త ప్రార్థన హాలుకు వెళ్ళే పూలకొట్టు వదిన వచ్చింది.

"ఆ పాత గోడలు పట్టుకుని ఎందుకు వేలాడతావ్? మా దగ్గరికొచ్చెయ్. నిద్రపోయే భక్తి ఎలా లేస్తుందో, ఉజ్జీవమంటే ఏంటో చూద్దువుగాని."

"చంక దగ్గర పిగిలిందని చొక్కా పారేసే మనిషినా నేను? నిద్రపోయేది వాళ్ళయితే, ఇల్లు ఖాళీ చెయ్యాల్సింది నేనా?"

కమిటీ గదిలో ఆమెకు కుర్చీ వెయ్యలేదు. బల్ల మీద ఉజ్జీవ సభల కరపత్రం ఉంది. పందిరి, మైకులు, బయటి ప్రసంగీకుడు.

"క్షమాపణ చెబుతా" అందామె. "జాబితాలో పదకొండు మంది. మీలో ఎవరైనా ఒక్కరింటికి వెళ్ళామని చెప్పండి, మోకాళ్ళ మీద చెబుతా. నాలుగో పేరావిడ ఏ వీధిలో ఉంటుంది?"

"రికార్డు చూడాలి" అన్నారు సెక్రటరీగారు.

"దేవుడికీ రికార్డు చూసే చెబుతున్నారా? రెండేళ్ళుగా ఎవరి కోసం అడుగుతున్నారో తెలీదు, పందిరేస్తే ఉజ్జీవం వస్తుందా?"

అయ్యగారు జాబితా తీసి నాలుగో పేరు కింద గీత గీసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అయ్యగారు ఆమె కుట్టుగది ముందు నిలబడ్డారు. అంగీ లేదు, చేతిలో జాబితా ఉంది.

"నాలుగో పేరావిడ ఇల్లు కనుక్కున్నానమ్మా. ఒక్కణ్ణి వెళ్ళడానికి సిగ్గుగా ఉంది."

ఆమె వెంటనే లేవలేదు. చేతిలో ఉన్న అంచు పూర్తిగా కుట్టి, దారం తెంపి, అప్పుడు చెప్పులేసుకుంది.

తలుపు తీసింది నాలుగో పేరావిడే, గోడ పట్టుకుని. "చర్చి నుంచి" అన్నారు అయ్యగారు.

"ఏ చర్చి?" అందావిడ.

ఆ వారంలో నాలుగిళ్ళు తిరిగారు. క్షమాపణకు ఒప్పుకోలేదని, ఆదివారం దాకా ఆగకుండా శనివారమే సభ్యత్వం రద్దు కాగితం వచ్చింది. ఆదివారం ఆమె ఎప్పటి బెంచీ మీదే కూర్చుంది. అయ్యగారు నాలుగు పేర్లు చదివి, ఒక్కొక్కరి బాధేమిటో చెప్పి, జాబితా మడిచేశారు.

"మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు. తెలిశాక చదువుతాను."

సంఘానికి ఎప్పుడు బదులివ్వాలో తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో పిన్ని గొణిగింది. "సంఘంలోంచి పేరు కొట్టేశాక మళ్ళీ ఎందుకొచ్చావే? పరువు తక్కువ!"

"ఐదో పేరావిడది మీ వీధే పిన్నీ" అందామె, గొంతు తగ్గించకుండానే. "సాయంత్రం నువ్వూ వస్తున్నావ్."