మా మామయ్య ఎక్కనివ్వని ఆటోలు

మా మామయ్య చనిపోయారని ఖమ్మం దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను నమ్మలేదు. "ఇంకో డాక్టర్‌కు చూపించిండ్రా?" అని అడిగాను. "గిది నాయన అడిగే మాట" అన్నాడు.

నిజమే. ఒకరు చెప్పింది నమ్మడం మామయ్యకు చేతకాదు. మణుగూరులో ఆటోలు, జీపులు బాగుచేసే షెడ్డులో తల నెరిసేదాకా పనిచేశారు. అక్కడ బండిని అనుమానించినట్టే ఇంట్లో గ్యాసు పొయ్యిని, పాల ప్యాకెట్టును అనుమానించేవారు. సాయంత్రం మిర్చిబజ్జీలు తెచ్చి, పిల్లలకు ఇచ్చే ముందు ఒకటి విరిచి వాసన చూసేవారు. గ్రీజు అంటుతుందని నా బిడ్డను మోచేతులతో ఎత్తుకునేవారు. సబ్బుతో కడుక్కున్నాక కూడా అంతే. తన చేతులు శుభ్రమయ్యాయని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఆయన తరచూ ఒక మాట అనేవారు. "మొత్తుకునే బండి మంచిదే. సప్పుడు చెయ్యనిదాన్నే నమ్మొద్దు." అప్పట్లో నేను కొత్త కోడలిని. ఇంట్లో నోరు విప్పేదాన్ని కాదు. ఆ మాట నన్నే అంటున్నారనుకున్నాను.

అలా అనుకోవడానికి కారణం ఉంది. మా అమ్మగారి ఊరు దుమ్ముగూడెం దగ్గర. నేను బయలుదేరినప్పుడల్లా ఆయన వీధిలోకి వచ్చి, ఆటో చక్రాన్ని కాలితో తన్ని, ఇంజిన్‌కు చెవి పెట్టి, వెనక్కి పంపేసేవారు. నా ప్రయాణం ఆగిపోయేది. పుట్టింటికి పంపడం ఇష్టంలేకనే బండికి వంక పెడుతున్నారని నా మనసులో పడింది.

ఒక వానాకాలం అమ్మకు జ్వరం వచ్చి మంచం దిగడం లేదని కబురొచ్చింది. మా ఆయన బొగ్గు లారీ మీద పోయి ఉన్నాడు. సంచి పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి మామయ్య అప్పటికే ఆటో చుట్టూ తిరుగుతున్నారు.

"పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తున్నవేంది మామా? నచ్చిందా?" అన్నాడు ఆటో అతను.

"నచ్చలే. పో."

తర్వాత వచ్చిన ఆటోకూ అదే గతి పట్టింది.

"ఈయన మెచ్చే బండి ఇంకా పుట్టలే. నువ్వు నడిచే పోవే" అన్నది అత్తమ్మ విసుగ్గా.

నేను నిజంగానే నడక మొదలుపెట్టాను. మలుపు తిరిగేలోపు వెనుక హారన్ మోగింది. షెడ్డులోని పాత ఆటోలో మామయ్య.

"ఎక్కు బిడ్డా."

ఎక్కాను. ఇంటికే తిప్పుతారేమోనని రోడ్డు మీదే కన్నేసి కూర్చున్నాను. అశ్వాపురం దాటింది, సారపాక దాటింది. గోదావరి వంతెన ముందు ఆపి దిగారు. చక్రాల నట్లు ఒక్కొక్కటే పట్టి చూస్తున్నారు. ఇక వెనక్కేనని భయపడ్డాను.

"పొద్దున మీరే బిగించిండ్రు గద మామయ్యా" అన్నాను. అంతవరకు ఆయనను నేను ఏదీ ప్రశ్నించి ఎరగను.

"అందుకే బిడ్డా. వేరేటోళ్లు బిగిస్తే వాళ్ల మీద అనుమానం. నేను బిగిస్తే నా మీద."

"సప్పుడు చెయ్యనిదాన్ని నమ్మొద్దన్నది నన్నేనా?"

నట్టు వదిలి నా ముఖంలోకి చూశారు. "నిన్నెందుకంట? నువ్వేమన్న బండివా?"

ఆ మాటతో కూడా నా అనుమానం పూర్తిగా పోలేదు. వంతెన దాటి మా అమ్మ ఇంటి గుమ్మం ముందు ఆగి, "అమ్మ లేచి అన్నం తినేదాక ఉండు. నాకేం పని లేదు" అన్నారు. షెడ్డులో ఆయన కోసం ఎన్ని బండ్లు నిలబడి ఉంటాయో నాకు తెలుసు. అమ్మకు జావ తాగిస్తున్నా చెవి వాకిట్లోనే ఉంది. పోదాం పద అంటారేమోనని తడిక సందులోంచి పదేపదే చూశాను.

కొన్నాళ్లకు అమ్మ కోలుకుంది. ఆ రోజు ఆమె పక్కన కూర్చునే తీరిక నాకు ఇచ్చింది మామయ్యే.

ఆ రోజే పొద్దువాలే వేళ మళ్లీ తొంగిచూశాను. ఏ బండిలోనూ కన్ను మూయని మనిషి, ఆటో వెనుక సీటులో ముడుచుకుని, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్నారు. బయటికి వేలాడే పాదాల మీద సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆయనకు తెలియడం లేదు.