పెన్సిల్ గీతల సారు

మా మున్సిపాలిటీ ప్లానింగ్ సారు లంచాలు తిన్నాడని నల్గొండలో అందరూ అంటారు. అబద్ధం. మా ఇంట్లో చాయ్ కూడా ముట్టలేదాయన. ఆయన జబ్బు వేరు. ఊరి నక్షా మీద రాబోయే రోడ్లన్నీ పెన్సిల్‌తోనే గీసేవాడు.

పానగల్ దారిలో మా జాగా మీదుగా ఒక గీత పోయింది. అర్జీ పెడితే తుడిచాడు. నమ్మి పునాది తీశాం. ఏడాది తిరగకుండా గీత మళ్లీ మా జాగాలోకే వచ్చింది.

"ఊరు పెరుగుతాందమ్మా. గీత గట్టిగ గీస్తే రేపు మార్చరాదు," అన్నాడు ఆఫీసుకు పోయి అడిగితే.

"మరి పునాది గూడ పెన్సిల్‌తోనే తియ్యాల్నా సారూ?"

"నీ మాట గూడ నిజమే," అన్నాడు, నిజంగానే బాధపడుతూ. పెన్సిల్ మాత్రం చెవి వెనకే పెట్టుకున్నాడు.

ఊరితో పాటు గీత మారాలి, ఒప్పుకుంటాను. కానీ దాన్ని నమ్మి తవ్వుకున్నవాళ్లకు "ఇగ మారదు" అని చెప్పే రోజెప్పుడు?