బొంతతో కొంగుముడి

రాజులమ్మ అబద్ధమాడే ముందు ముక్కు గోక్కునేది. ఆ సంగతి ఆమెకి తప్ప అందరికీ తెలుసు. చెబితే మానేస్తుందేమోనని ఎవరూ చెప్పలేదు.

టైడా దాటి అరకు వైపు ఎక్కే రైలుదారిలో, రెండు సొరంగాల నడుమ ఒక చిన్న స్టేషను ఉండేది. డెబ్బైల మొదట్లో ఆమె మొగుడు పోలయ్య అక్కడ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మనిషి మంచివాడే గానీ మాటల దగ్గర మహా పిసినారి. పొద్దున్నే "వత్తాను" అని వెళ్లేవాడు. సాయంత్రం వచ్చాక, వచ్చినట్టు ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాడు కదా, ఇంక చెప్పడమెందుకు అన్నట్టు కూర్చునేవాడు. పిల్లలు లేరు. రాజులమ్మది శృంగవరపుకోట పక్క పల్లె. అక్కడ ఈ గోడమీంచి ఆ గోడమీదికి రోజంతా కబుర్లు నడిచేవి. కొండమీద కాపురానికి వచ్చిన మొదటి వానాకాలమంతా ఆమె కుండలతో మాట్లాడింది. కుండలు తిట్టినా పడతాయి, పొగిడినా ఊరుకుంటాయి. ఆ వరస ఆమెకి నచ్చలేదు.

ఆమెని గట్టెక్కించింది బొంత. వానలు వెనకబట్టాక ఒకనాడు స్టేషను గది ముందు నున్నటి సిమెంటు మీద పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, కుట్టడానికి కూర్చుంది. పై గూడెం నుంచి యర్రమ్మ అనే ముసలామె అడ్డాకుల కట్టలు రైలెక్కించడానికి దిగింది. రైలు వెళ్లిపోయాక కాసేపు నిలబడి చూసి, "ఆ మూల ముడత నొక్కినావు కాదు" అని, ఎవరూ పిలవకుండానే ఒక రాయి తీసి అవతల పెట్టి ఆ మూలన తనే కూర్చుంది. మర్నాడు కోడలు కనకని వెంటబెట్టుకొచ్చింది. ఆ తర్వాత గూడెం ఆడవాళ్లూ, లైను మీద పనిచేసే గ్యాంగువాళ్ల పెళ్లాలూ ఒక్కొక్కరే చేరారు. మూలల్లో రాళ్ల అవసరం తీరిపోయింది.

బొంతకి సిమెంటుని మించిన చోటు లేదు. మట్టినేల మీదైతే సూది మొన మన్నుని పట్టుకుంటుంది, అడుగు చీర మురికైపోతుంది. సిమెంటు మీద సూది తగిలీ తగలనట్టు జారి పైకొస్తుంది. అరచేత్తో నిమిరితే ముడతలు అంచులదాకా పరుగెడతాయి. వాళ్ల బొంతలకి కొన్ని పద్ధతులు కూడా ఏర్పడ్డాయి. కుట్టే ప్రతి మనిషీ తన పాత చీరలోంచి ఒక ముక్క వెయ్యాలి. ఎవరు కప్పుకుంటారో వాళ్లు ఒక మూల పట్టుకుని కూర్చోవాలి. కూర్చోకపోతే బొంత తన మనిషిని గుర్తుపట్టదని యర్రమ్మ అనేది. ఇక ఎవరైనా కబుర్ల ధ్యాసలో ఒంటిమీది చీరని బొంతకి కలిపి కుట్టేస్తే, ఆ చీర మనిషికీ బొంతకీ కొంగుముడి పడినట్టే లెక్క. పెళ్లయిపోయింది కాబట్టి ఆ మనిషి అందరికీ బెల్లం పంచాలి. అలా ముడి పడకుండా తప్పించుకున్న ఆడది ఆ మందలో లేదు, రాజులమ్మతో సహా.

అలా రెండేళ్లు హాయిగా గడిచాక స్టేషన్‌కి కొత్త మేష్టారు వచ్చాడు. పేరు సర్వేశ్వరరావు. గోదావరి వైపు మనిషి. నల్లకోటు గుండీలన్నీ పెట్టుకునేవాడు. ఛార్జి తీసుకున్న మర్నాడే బొంత దగ్గరికొచ్చి, ప్లాట్‌ఫారం ఉన్నది ప్రయాణికుల కోసమని, ఇకనుంచి అక్కడ బట్టలు పరచకూడదని చెప్పాడు.

రాజులమ్మ అటూ ఇటూ చూసింది. ఆ చివర ఒక మేక పడుకుని ఉంది.

"పేసింజర్లు ఎక్కడున్నారు బాబూ?" అంది. "ఆ మేక టిక్కెట్టు తీసిందేటి?"

కనక కొంగు నోట్లో కుక్కుకుంది. మేష్టారు నవ్వలేదు. పోలయ్య దూరం నుంచే భార్య వైపు ఒక చూపు చూశాడు. ఉద్యోగం మీదికి తేకు అని దాని అర్థం. బొంత మడిచేశారు.

అది కనకకి పుట్టబోయే బిడ్డ కోసం మొదలెట్టిన బొంత. పుష్యమాసంలో కాన్పు. ఆ చలికి చంటిబిడ్డకి బొంత లేకపోతే కుదరదు. అందుకని ఇంకో చోటు వెతకడం మొదలైంది.

ముందు రాజులమ్మ క్వార్టర్‌లో కూర్చున్నారు. ఆ గదిలో బొంతా మనుషులూ కలిసి పట్టలేదు. మోకాళ్లమీదికి మడుచుకుని కుట్టబోతే యర్రమ్మ కోడలి చీరని శుభ్రంగా కలిపి కుట్టేసింది. పొయ్యి మీద గంజి పొంగుతోందని కనక లేవబోతే బొంత కూడా పొయ్యిదాకా వెళ్లింది. ఆ పూట బెల్లం తిన్నారు గానీ పని సాగలేదు. తర్వాత గెడ్డ నీళ్ల పక్కన పెద్ద బండ మీద పరిచారు. ఎండ బాగుంది, కబుర్లు ఇంకా బాగున్నాయి. కానీ లోయలోంచి గాలి లేచినప్పుడల్లా బొంత కూడా లేచేది. బండ గరుకుకి సూదులు మొనలు పోగొట్టుకున్నాయి. గూడెంలో చర్చి వరండా సిమెంటుది. పాస్టరు మెత్తని మనిషి, కూర్చోండమ్మా అన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. దేవుడి పాటలు పాడుకోవచ్చు, ఇరుగుపొరుగు కబుర్లు కూడదు. ఆ రోజు కుట్టు వరసలు తిన్నగా పడ్డాయి గానీ అందరికీ తలనొప్పి వచ్చింది. ఎవరినీ ఏమీ అనకుండా బొంత కుట్టడం వాళ్లకి ఎప్పుడూ అలవాటు లేదు. కాఫీ పళ్లు ఎండబెట్టే కళ్లం చూశారు. అది కోతల కాలం, కాలు పెట్టడానికి చోటు లేదు.

మెల్లగా రావడం మానేశారు. ఒకరికి పొలం, ఒకరికి పశువులు. ఒక మధ్యాహ్నం రాజులమ్మ, "నీకేటి, కడుపు నిండితే సాలు" అంటున్న తన గొంతు తనే విని ఉలిక్కిపడింది. ఎదురుగా ఉన్నది నీళ్లకుండ. మళ్లీ ఆ రోజులు వచ్చాయన్నమాట. అప్పుడామెకి కనక బొంత కంటే ముందు తన భయమే గుర్తొచ్చింది. ఆ చోటు పోతే మనుషులు పోతారు. మనుషులు పోతే మిగిలేది పోలయ్యా, కుండలూ. రెండింటికీ పెద్ద తేడా లేదు.

మార్గశిరం వచ్చింది. మంచు సొరంగంలోంచి రైలుకంటే ముందే బయటికొచ్చేది. మేష్టారికి కొండమీద అదే మొదటి చలికాలం. మెడకి మఫ్లరు, దానిమీద తువ్వాలు, ఆపైన కోటు చుట్టుకుని, జెండా పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే ఇనుపరాయి మోసే గూడ్సుబళ్లని సాగనంపేవాడు. రాజులమ్మ అది చూసింది. చూసి, తన ఇంట్లో అన్నిటికంటే మందమైన బొంత తీసుకొచ్చి, స్టేషను గది కిటికీకి ఎదురుగా కంచెమీద ఆరేసి, రోజూ పొద్దున్నే దాన్ని దూడని నిమిరినట్టు నిమిరేది.

వారం తిరక్కుండా మేష్టారు పోలయ్య చేత అడిగించాడు, బొంత ఒకటి అమ్ముతారేమోనని. రాజులమ్మ తనే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి ముక్కు గోక్కుంది. అమ్మే బొంతలు కావని, కుట్టాలంటే సిమెంటు నేల కావాలని, అది ఈ చుట్టుపట్ల ఇంకెక్కడా లేదని చెప్పింది. సర్వేశ్వరరావు కిటికీలోంచి మంచుని చూసి, మఫ్లరు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. చివరికి, తన బొంత పూర్తయ్యేవరకు మాత్రమే, అదీ ప్యాసింజరు వెళ్లిపోయాకే అన్నాడు.

మర్నాడు అందరూ దిగారు. పద్ధతి ప్రకారం కప్పుకునే మనిషి మూలన కూర్చోవాలి. మేష్టారు ఆడవాళ్లతో నేలమీద కూర్చోనన్నాడు. కుర్చీ వేసుకుని దాని కాలు మూలమీద పెట్టాడు. కుర్చీ కాలు చీరని చింపింది. "బొంత కప్పుకునేది నువ్వా, కుర్సీయా?" అని యర్రమ్మ అడిగింది. ఆయన కుర్చీ పక్కకి జరిపి కింద కూర్చున్నాడు.

కింద కూర్చున్న మనిషి ఎంతసేపు మేష్టారుగా ఉంటాడు? బండి లేని వేళల్లో సూదికి దారం ఎక్కించి ఇవ్వడం నేర్చుకున్నాడు. ఎవరి మొగుడు ఎవరితో పోట్లాడాడో విననట్టే విని, మర్నాడు, "అయితే ఆ దూడ సంగతి ఏమైంది?" అని అడిగేవాడు.

ఆయనకి తెలియనిది ఒకటే. అక్కడ కుడుతున్నది ఆయన బొంత కాదు. కనకకి నెలలు నిండుతున్నాయి కాబట్టి రాజులమ్మ ముందు బిడ్డ బొంతే పరిపించింది. ఎవరైనా అడిగితే మేష్టారిదే అనాలని అందరిచేతా ఒట్టు వేయించుకుంది. ఒకరోజు ఆయన బొంతని ఈ చివరా ఆ చివరా చూసి, ఇది తనకి చిన్నదవుతుందేమో అని అనుమానపడ్డాడు.

రాజులమ్మ చెయ్యి ముక్కు దగ్గరికి పోయింది. "కుట్టేకొద్దీ సాగతాది బాబూ" అంది.

యర్రమ్మ దగ్గు తెచ్చుకుని పక్కకి తిరిగింది.

ఆఖరి వరసల రోజు వచ్చింది. మేష్టారు తన పెళ్లినాడు పడవ తప్పిపోయి, పెళ్లికొడుకు ఒక గట్టునా, పల్లకి ఇంకో గట్టునా ఉండిపోయిన కథ చెబుతున్నాడు. నవ్వలేక కనక పొట్ట పట్టుకుంది. రాజులమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చెయ్యి మాత్రం ఆగకుండా కుడుతూనే ఉంది. అంతలో గంట మోగింది. ఇనుపరాయి బండి సొరంగం దాటేసింది. మేష్టారు జెండా అందుకుని ఒక్క ఉదుటున లేచి పరుగెత్తాడు.

బొంత కూడా పరుగెత్తింది. నల్లకోటు వెనక అంచుని పట్టుకుని, ఎరుపూ పసుపూ ముక్కలన్నీ విప్పుకుని, సిమెంటు మీద ఈడ్చుకుంటూ వెళ్లింది. ఆయన ఒక చేత్తో పచ్చజెండా ఊపుతుంటే వెనక బొంత కూడా ఊగింది. ఇంజను డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వంగి చూశాడు. చివర గార్డు తన జెండా ఊపడం మరిచిపోయి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

రాజులమ్మకి నవ్వు రాలేదు. ఇంక ఈ చోటు లేనట్టే అనుకుంది. బండి వెళ్లాక ఆయన వెనక్కి తిరిగి, బొంతని ముందుకి లాక్కుని, మొదటిసారి దాన్ని పూర్తిగా విప్పి చూశాడు. అది ఆయన మోకాళ్లు కూడా దాటలేదు.

"ఇది నాది కాదు" అన్నాడు.

ఆడవాళ్లంతా రాజులమ్మ వైపు చూశారు. కనకే మెల్లగా, "నా బిడ్డకి బాబూ" అంది.

"మరి నాది?"

రాజులమ్మకి మొదటిసారి అబద్ధం అందలేదు. "ఇంకా మొదలెట్టనేదు బాబూ" అంది. వెంటనే, "కోటు మాత్రం నాను కావాలని కుట్నేదు, పైడితల్లి మీద ఒట్టు" అంది. ఖర్మ కాకపోతే, పాత చీరల నూగు ముక్కులోకి పోయి సరిగ్గా అప్పుడే దురద పెట్టింది. ఆమె గోక్కుంది.

అందరూ అది చూశారు. మేష్టారు కూడా చూశాడు. ఇన్నాళ్లూ మూలన ఊరికే కూర్చోలేదు ఆయన, ఆ ముక్కు సంగతి ఎప్పుడో పట్టేశాడు. ఆయన మొహం ఎర్రబడింది. ఏదో కఠినంగా అనబోయాడు. యర్రమ్మ అడ్డుపడింది.

"కొంగుముడి పడిపోనాది బాబూ. అనుకుని లాబం నేదు. బెల్లం ఎప్పుడెడతావు?"

ఆయన కోటుకి వేలాడుతున్న బొంతని చూసుకున్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వని మనిషి నవ్వితే దగ్గులాగే ఉంటుంది. "ముందు నా బొంత బేగి మొదలెట్టండి" అన్నాడు. త్వరగా అనకుండా బేగి అన్నాడు, వచ్చిన తర్వాత ఆయన నోట విన్న మొదటి కొండమాట అది.

కోటు నుంచి కుట్టు విప్పబోతే రాలేదు. రాజులమ్మ కుట్టు అంత గట్టిది. చివరికి కోటు అంచునే చిన్న ముక్క కత్తిరించారు. పుష్యంలో పుట్టిన కనక కూతురి బొంతలో ఎర్రచీర ముక్కల మధ్య ఆ నల్లటి రైల్వే గుడ్డ అలాగే ఉండిపోయింది. మర్నాటి ప్యాసింజర్లో శృంగవరపుకోట నుంచి మేష్టారు తెప్పించిన బెల్లం అచ్చు వచ్చింది.

కోటు కత్తిరించిన రోజు సాయంత్రం పోలయ్య గంజి తాగుతూ తాగుతూ ఆగాడు. "కోటుకే ఎట్టినావేటే సూది" అన్నాడు. అని, ఆపుకోలేక గిన్నె కింద పెట్టి నవ్వాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అలా నవ్వగా ఆమె చూడలేదు. కావాలని చెయ్యలేదని చెప్పబోయి ఆగిపోయింది. ఇంత నవ్వుని ఎవరు పాడుచేస్తారు? "మరేటనుకున్నావు" అంది. ఆ తర్వాత ఎవరు అడిగినా ఆ పని తనే కావాలని చేశానని చెప్పుకుంది, ముక్కు గోక్కుంటూ.

మేష్టారి బొంత పూర్తవడానికి ఆ చలికాలం చాలలేదు. తర్వాతి చలికాలం కూడా చాలలేదు. ఎందుకని ఆయన అడగలేదు. చివరికి బదిలీ వచ్చి దిగువకి వెళ్లేనాడు దాన్ని మడిచి పెట్టెలో అన్నిటికంటే అడుగున పెట్టుకున్నాడు. కొత్తగా వచ్చిన మేష్టారికి సిగ్నళ్లూ తాళాలూ అప్పగించి, ప్లాట్‌ఫారం చివరికి తీసుకెళ్లి, ప్యాసింజరు పోయాక ఈ చోటు వీళ్లది అని చెప్పాడు.

అక్కడ బొంత పరిచే ఉంది. ఆడవాళ్లు తలలెత్తి కొత్త మనిషిని కిందనుంచి పైదాకా చూశారు. రాజులమ్మ చూపు ఆయన కోటు అంచు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

సర్వేశ్వరరావు అది గమనించి, "కూర్చోవాలనుకుంటే కోటు విప్పి కూర్చోండి" అన్నాడు.