పిస్టన్లు లేని ఇంజను

మా బాపుది జనగామల మోటరు స్పేర్ పార్టుల దుకాణం. ఇంజను సామాను అమ్ముడే గాని ఇంజను ఇప్పి బిగించుడు మా ఇంట్ల ఎవ్వలకూ రాదు. "మనం అమ్మేటోళ్లం బిడ్డా, ఇప్పేటోళ్లం కాదు" అని గొప్పగనే చెప్పేటోడు. నేను వరంగల్‌ల మెకానికల్ ఇంజనీరింగు చదివి వచ్చి, అదే దుకాణంల గల్లపెట్టె కాడ కూసుంటుంటి.

దుకాణం ఎనుక రేకుల షెడ్డుల ఒక పాత కారు ఉండేది. రెండే సీట్లు, పైన బట్ట టాపు, నేలకు ఆనుకున్నట్టుండే ఎర్ర కారు. భూపాలపల్లి బొగ్గుబాయిల పనిచేసిన ఒక పెద్ద ఆఫీసరు రిటైరయి పోయేటప్పుడు బాపుకు ఇచ్చిపోయిండు. అప్పటికే దాని ఇంజను జామయి ఉన్నది. ఒకనాడు బాపు దాన్ని తుక్కుకేస్తనంటే నేను అడ్డం నిలబడ్డ.

"వేరే ఇంజను ఎక్కిస్త బాపు."

"ఏం ఎక్కిస్తవ్? ట్రాక్టరుదా?"

కాలేజీల ఒక పుస్తకంల రోటరీ ఇంజను బొమ్మ చూసిన కాంచి అది నా తలకాయల తిరుగుతనే ఉన్నది. చిన్నగుంటది, తేలిగ్గుంటది, బలం మాత్రం మస్తు. ఈ కారు ముక్కు కింద పట్టేది అదొక్కటే అనిపించింది. హైదరాబాదుల విదేశాల పాత ఇంజన్లు అమ్మే ఒక యార్డుల టర్బోతోని సహా ఒకటి ఉన్నదని తెలిస్తే పొద్దుగాల బండికే పోయిన.

"గిది తిరుగుతదా అన్నా?" అని యార్డు మేనేజర్ని అడిగిన.

ఆయన కోస్తా దిక్కోడు. పక్కనున్నోళ్ల దిక్కు తిరిగి, సినిమాలల్ల కమెడియన్లు మా మాట మాట్లాడినట్టు మూతి తిప్పి, "గిది తిరుగుతదా అంట" అన్నడు. అందరు నవ్విన్రు. నా దిక్కు తిరిగి, "ఇది ట్రాక్టరు కాదమ్మా. దీన్ని విప్పడం తెలిసినవాళ్లు ఈ సిటీలోనే ఇద్దరో ముగ్గురో ఉంటారు. మీ ఊళ్లో దీన్నేం చేసుకుంటారండీ?" అన్నడు.

చెవులు కాలినయి నాకు. "కారుల పెట్టి తోలుకుంట" అని చెప్పి, అదే మధ్యాహ్నం ట్రాలీ ఆటోల ఎక్కిచ్చుకొని జనగామ తెచ్చిన. నిజం చెప్పాలంటే తొవ్వ పొడుగూత భయపడుకుంటనే వచ్చిన. దాన్ని ఎట్ల ఇప్పాలెనో నాకూ తెల్వది.

వారం దినాలు అది దుకాణంల కింద పడి ఉన్నది. వచ్చిన గిరాకీలందరు కాలు తాకి తిట్టుకున్నరు. ఒకాయన మాత్రం తిట్టలే. బోరుమోటరు బేరింగుల కోసం వచ్చినోడు, నర్సింహులపేట దిక్కు ఒక లంబాడ తండ ఆయనది, యాభై ఏండ్ల దగ్గర ఉంటయి. బేరింగులు మరిచి ఇంజను ముందట కూలబడి, దాని మీద చెయ్యి పెట్టిండు.

"గిది ఈడికెట్ల వచ్చింది చెల్లె?"

పదారేండ్లప్పుడు కూలికని పుణె పోయి, రేసు కార్లు తయారుచేసే గ్యారేజీల ఇరవై ఏండ్లు పనిచేసిండంట. పొలం చూసుకుందామని మళ్ల తండకు వచ్చిండంట.

"గిసోంటియి మూడు ఇప్పిన" అన్నడు.

"ఎన్ని బిగించినవన్నా?"

"రెండు. మూడోది ఇప్పంగనే మా సేటు గ్యారేజీ మూసిండు."

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. కని ఆయన బాపుకు చెప్పిన తీరు చూస్తే నమ్మకం కుదిరింది. "సేటూ, దీంట్ల పిస్టన్లే లేవు. మూడు మూలల బిళ్లలు రెండు, లోపట గిర్రున తిరుగుతయి. పక్కకున్నది టర్బో. బయటికి పోయే పొగతోనే తిరుగుతది, గాలిని ఒత్తి లోపటికి తోస్తది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే బలమెక్కువ."

"పిస్టన్లు లేకుంటే మరి నేనేం అమ్మాలె?" అన్నడు బాపు.

అప్పుడు తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్నది. నెలల ఎన్ని దినాలు బందో లెక్కలేదు. షట్టర్ దించితే గిరాకీ లేదు, అవే మాకు పని దినాలైనయి. ఇంజను బిగించుడుకు ఒప్పుకున్న ఆ తండ అన్న మహబూబాబాద్ల రైలెక్కి వచ్చేటోడు, రైలు రోకో అయితే మా ఇంట్లనే ఆగేటోడు. మొదటిసారి ఆగిన నాడు మా నాయినమ్మ ఆయనకు వాకిట్ల విస్తరేసింది. ఇంట్లకు రమ్మనలే. నేను నా కంచం పట్టుకొని వాకిట్లకు పోయి ఆయన పక్కన కూసున్న. నాయినమ్మ తిట్టింది. మర్నాడూ అట్లనే కూసున్న. మూడోనాడు బాపు గూడ తన కంచంతోని వచ్చి కూసున్నడు. ఆ తర్వాత అందరం లోపట్నే తిన్నం.

ఇంజను ఇప్పితే బిళ్ల మూలకు ఉండే ఒక సీలు చిట్లి ఉన్నది. వేలెడంత పట్టీ, జపాన్ నుంచి రావాలె. రెండు నెలలు ఎదురుచూసినం. ఆలోపట కారు ముక్కును కోసి, పాత గేర్‌బాక్స్ తీసి ఇంజనుతోని వచ్చిందే పెట్టినం. స్టీరింగు రాడ్డుకు టర్బో అడ్డమొస్తే దాన్ని పక్కకు జరిపి కొత్త పైపు వెల్డింగు చేసినం. ఈ ఇంజను మస్తు కాగుతది, పాత రేడియేటరు సాలదు. బాపే లేచి పోయి ర్యాకు మీది నుంచి జీపు రేడియేటరు దించి ఇచ్చిండు. "సరిపోతదేమో చూడుండ్రి" అన్నడు, ఎటో చూసుకుంట.

మొదటిసారి తాళం తిప్పితే లోపటికి పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసినయి. ఇప్పి, ఎండకు ఆరబెట్టి మళ్ల బిగించినం. ఐదోసారికి అందుకున్నది. బజారంత తెల్లపొగ. ధర్నా టెంటుల కూసున్నోళ్లు మంటలంటుకున్నయని బిందెలతోని ఉరికొచ్చిన్రు. వచ్చినోళ్లు పోలే, కారు సుట్టు నిలబడి చప్పట్లు కొట్టిన్రు. ఆ దినమే నేను నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాసిన.

రాష్ట్రం కోసం అందరి సమ్మె మొదలైంది. బస్సులు బందు, బొగ్గుబాయిలు బందు. అన్న వాళ్లక్క భూపాలపల్లిల ఉంటది, బావ బాయిల కార్మికుడు. ఆమెకు ఒంట్లె బాగలేదని ఫోనొచ్చింది. పోనీకె బండ్లు లేవు. కారు అప్పటికి పక్కనున్న రఘునాథపల్లి దాటి పోలేదు.

"పోదాం నడువన్నా" అన్న.

బాపు వద్దన్నడు. నీళ్ల డబ్బాలు ఎక్కిచ్చుకుంటుంటే వచ్చి, రెండు కొత్త రేడియేటరు పైపులు సీటు కింద పెట్టిండు.

హనుమకొండ దాటినంక ఒక చౌరస్త కాడ పోలీసులు ఆపిన్రు. ఎస్సై ప్లేటు చూసి, "చెరిపి ఏపీ రాయి" అన్నడు.

"రాయ సార్."

"కేసైతది."

"కానియ్యుండ్రి. నా చేతితోని మాత్రం చెరప."

తాళం గుంజుకున్నడు. రెండు గంటలు ఎండల నిలబెట్టిండు. సమ్మెల ఉన్న టీచర్లు, బస్సు డ్రైవర్లు ఒక్కొక్కలే వచ్చి కారు సుట్టు కూసున్నరు. ఆఖరికి చలాన్ రాసి సంతకం పెట్టుమన్నడు. అండ్ల నంబరు ఏపీ అని రాసి ఉన్నది. "గిది నా కారు నంబరు కాదు" అని కాయితం వాపసిచ్చిన. ఎస్సై సుట్టు కూసున్నోళ్ల దిక్కు చూసి, తాళం సీట్ల పారేసి జీపెక్కిండు.

ములుగు దాటినంక అడవి తొవ్వల ఒక పైపు పలిగి ఆవిరి లేసింది. బాపు ఇచ్చిన పైపు వేసినం. ఆ తర్వాత ఒక గుట్ట ఎక్కంగ ఒకసారి గట్టిగ తొక్కితే టర్బో ఈల వేసి, ఎనుక నుంచి ఎవ్వలో నూకినట్టు సీటుకు అతుక్కపోయినం. అన్న జీవితంల మొదటిసారి అరిచినట్టు అరిచిండు. పుణెల ఇరవై ఏండ్లు కార్లు తయారుచేసిండు గాని, ఒక్కదాంట్ల గూడ ఆయనను కూసోనియ్యలేదంట. అప్పుడు చెప్పిండు ఆ మాట.

పొద్దుగూకంగ భూపాలపల్లి చేరినం. వాళ్లక్క మంచంల నుంచి లేచొచ్చి, తమ్ముని మొకం రెండు చేతులతోని పట్టుకొని వాళ్ల భాషల ఏందో అన్నది. ఆయన ఏడ్చిండు. మర్నాడు ఆమెను నా పక్క సీట్ల కూసోబెట్టి దవాఖానకు నేనే తీస్కపోయిన. ఆమె కోలుకున్నది.

ఇప్పుడు అన్న, నేను కలిసి మహబూబాబాద్ల గ్యారేజీ నడుపుతున్నం. ఆ ఇంజను సీళ్లు రెండుసార్లు పోయినయి, రెండుసార్లు మేమే ఇప్పి బిగించినం. రాష్ట్రం వచ్చినంక కొత్త ఇంజనును కాయితాలల్ల ఎక్కియ్యమని రవాణా ఆఫీసుకు అర్జీ పెట్టిన. పాత ఇంజనే పెట్టి తెమ్మన్నరు, లేకుంటే తుక్కుకెయ్యమన్నరు. మళ్ల పెట్టిన, మళ్ల కాదన్నరు. మొన్న సోమారం ఆ తిప్పిపంపిన కాయితాలన్ని కుట్టి, పైన కొత్త అర్జీ పెట్టి తీస్కపోయిన. ఆఫీసరు ఒక్కొక్కటే తిప్పి చూసి విసుక్కున్నడు.

"ఇన్నిసార్లు కాదన్నంక మళ్లెందుకొచ్చినవమ్మా?"

"కారు నడుస్తున్నది సార్" అన్న. "అందుకే."