గంటకి మేజోడు తొడిగిన మనిషి

సిరిల్ బెడోస్‌కి ఒకటే జబ్బు. సిగ్నల్ పడకుండా కదిలినదాన్ని దేన్నీ క్షమించలేడు. అది రైలైనా సరే, మనిషైనా సరే, బిస్కెట్ల పళ్లెం వైపు సాగుతున్న చెయ్యైనా సరే. ఎవరైనా తొందరపడుతున్నట్టు కనిపిస్తే చాలు, కుడిచెయ్యి భుజానికి సమానంగా అడ్డంగా చాపి నిలబడతాడు. చెయ్యి అడ్డంగా ఉన్నంతసేపూ ఆగాలి. కిందికి వాలితే వెళ్లొచ్చు. ఒకసారి అంత్యక్రియల ఊరేగింపునే చర్చి గేటు దగ్గర ఆపేశాడు, ఎదురుగా పాలబండి వస్తోందని. ముందు నడుస్తున్న పాదిరీగారు ఆగకపోతే "మీకు కళ్లు లేవా?" అని ఆయన మీదే విరుచుకుపడ్డాడు. ఆరోజు సిరిల్ చేత తిట్లు తిననివాడు పెట్టెలో ఉన్నాయన ఒక్కడే.

నా పేరు బెరిల్. ష్రాప్‌షైర్‌లో మా ఊరి బొమ్మరైళ్ల క్లబ్బుకి కార్యదర్శిని. కార్యదర్శి అంటే టీ కాచేది, కప్పులు కడిగేది, సిరిల్ తిట్టినవాళ్ల దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పుకునేది. ఆ మూడో పని చేసీ చేసీ నాక్కూడా కోపం ఒంటపట్టింది. ఇది రాస్తున్నది కూడా కోపంగానే రాస్తున్నాను.

మెథడిస్టు ప్రార్థనామందిరం వెనక హాల్లో, పొడవాటి బల్లల మీద మా రైలుమార్గం పరిచి ఉంటుంది. సిగ్నళ్లన్నీ సిరిల్ చేతివే. వేలంత స్తంభం, దానికి ఇత్తడి రేకులోంచి కోసి ఎర్రరంగు వేసిన గోరంత రెక్క, పక్కన బియ్యపుగింజంత దీపం. బల్లకింద చిన్న మోటారు, దాన్నుంచి రెక్కదాకా వెంట్రుకలాంటి తీగ. రెక్క వాలితే సరిపోదట. వాలాక ఉలిక్కిపడినట్టు కాస్త ఊగి, అప్పుడు కుదురుకోవాలట. నిజం సిగ్నల్ రెక్క బరువుకి అలాగే ఊగుతుందట. ఆ ఊపు కోసం ఒక చలికాలమంతా తగలేశాడు. ఊపు కుదిరిన రోజు, కప్పులు కడుక్కుంటున్నదాన్ని చెయ్యిపట్టి లాక్కొచ్చాడు.

"చూశావా?"

"చూశాను. వాలింది."

"ఊగిందా?"

"ఊగినట్టే ఉంది."

"ఊగినట్టే ఉందా! ఊగిందా, లేదా?"

"ఊగింది మహాప్రభో, ఊగింది!"

"రెండుసార్లా, మూడుసార్లా?"

ఆ క్షణాన నా చేతిలో ఉన్నది కప్పులు తుడిచే గుడ్డ. కేటిల్ అయ్యుంటే నేను జైల్లో ఉండేదాన్ని.

సిగ్నళ్లని భరించవచ్చు. భరించలేనిది వాటికి అతను పెట్టిన కట్టుబాటు. మా మార్గానికి ఈ చివర ఒక సిగ్నల్ క్యాబిన్, ఆ చివర ఒకటి. ఈ చివర సిరిల్ కూర్చుంటాడు. ఆ చివర, సొరంగం ఉన్న అట్టకొండ వెనక, ఐవర్ గిట్టిన్స్ కూర్చుంటాడు. ఐవర్ నిజం రైల్వేలో, నిజం సిగ్నల్ క్యాబిన్‌లో తల నెరిసిన పెద్దాయన. ఆ క్యాబిన్‌ని కూల్చేసి చాలా కాలమైంది. వారమంతా ఇంట్లో కిటికీ దగ్గర గడిపి, శనివారం మధ్యాహ్నం టై కట్టుకుని క్లబ్బుకి వస్తాడు. ఎప్పుడిచ్చినా టీ సగం కప్పే అడుగుతాడు. ఎవరినీ పల్లెత్తుమాట అనడు.

రైలు పంపేముందు సిరిల్ గంట కొట్టి "పంపనా?" అని అడగాలి. ఐవర్ తిరిగి గంట కొట్టి "పంపు" అనాలి. ఆ జవాబు గంట మోగేదాకా సిరిల్ సిగ్నల్ వాలదు. సిగ్నల్ వాలేదాకా పట్టాల్లోకి కరెంటు రాదు. వైర్లన్నీ అలా ముడేసి పెట్టాడు. అదేమంటే నిజం రైల్వేలో అంతేనంటాడు.

"నిజం రైల్వేలో టికెట్లు కూడా కొంటారు సిరిల్. ఇక్కడెవరు కొంటున్నారు?"

"కొనిపించు. నేనొద్దన్నానా?"

ఐవర్ తన క్యాబిన్‌లో మీట నొక్కితే సిరిల్ దగ్గర మోగే ఆ జవాబు గంట, మొదట్లో హాలంతా వినిపించేది. ఒకసారి కొడితే ఒక అర్థం, రెండుసార్లు కొడితే ఇంకో అర్థం, వరసగా ఆరు కొడితే ప్రమాదం, అన్నీ ఆపమని. ఒక శనివారం, ఒక్కటి మోగాల్సిన గంట గణగణమని ఎడాపెడా మోగింది. మా అధ్యక్షుడు రోలాండ్ ప్రీస్ "ఏంటయ్యా, కొండకి నిప్పంటుకుందా?" అని పకపకా నవ్వాడు. పదిమందీ నవ్వారు. అట్టకొండ వెనకనుంచి ఐవర్ మెల్లగా లేచి టోపీ పెట్టుకున్నాడు.

సిరిల్‌కి ఎక్కడలేని కోపం వచ్చింది, గంట మీద.

"దరిద్రపు గంట! వణుకుడు గంట! ఒక్కటి కొడితే ఒక్కటి మోగడం చేతకాదు దీనికి!" అని దాన్ని ఊడబెరికి సంచిలో కుక్కాడు. "మీరు కూర్చోండి ఐవర్. తప్పంతా ఈ ముదనష్టపుదానిది. వచ్చే శనివారానికి దీని పొగరు అణిచి తీసుకొస్తాను" అని విసవిసా వెళ్లిపోయాడు.

మేమెవరమూ పట్టించుకోలేదు. వస్తువుల్ని తిట్టడం సిరిల్‌కి కొత్తా? అంతకుముందు వారమే నా టీ కేటిల్‌తో గొడవపడి దాంతో మాటలు మానేశాడు.

గంట తిరిగొచ్చింది. మేజోడు తొడుక్కుని వచ్చింది. ముదురు నీలం ఉన్ని మేజోడు, మడమ దగ్గర చిల్లు.

"ఏంటిది?"

"గంట."

"అది తెలుస్తోంది. మేజోడెందుకు?"

"గంట కొట్టేది నాకోసం. ఊరందరికోసం కాదు."

అప్పట్నుంచి ఐవర్ జవాబు సిరిల్‌కి తప్ప ఎవరికీ వినపడదు. అప్పట్నుంచే రైళ్లు మరీ అన్యాయంగా నిలబడిపోవడం మొదలైంది. సిగ్నల్ ముందు రైలు, రైలు ముందు మేము, మా ముందు చేతులు కట్టుకుని సిరిల్.

"ఎందుకు ఆగింది?" అని నేను.

"సిగ్నల్ ఇవ్వలేదు."

"ఎవరు?"

"నేను."

"ఎందుకు?"

"నా ఇష్టం."

"ఐవర్ గంట కొట్టాడా?"

"ఎప్పుడో కొట్టాడు! మధ్యలో ఆయన్నెందుకు లాగుతావ్? ఆపింది నేను. తిట్టాలనుంటే నన్ను తిట్టు."

తిట్టాను. ఇంతటి ఆహ్వానాన్ని నేను కాదనలేను.

చివరికి రోలాండ్‌కి ఓపిక చచ్చిపోయింది. వార్షిక ప్రదర్శన దగ్గరపడుతుండగా కమిటీలో తేల్చి చెప్పేశాడు. "ఈసారి జనం ముందు రైలు నిలబడిపోయిందో, అక్కడికక్కడే ఆ గంటల వైరు కోసేస్తాం. బటన్ నొక్కితే రైలు తిరగాలి. ఒక్క మనిషి చాలు నడపడానికి."

"మరి ఆ చివరి క్యాబిన్?" అన్నాడు సిరిల్.

"అదెందుకిక? దాని చోట చెరువు పెడదాం. బాతులతో."

"బాతులా!"

సిరిల్ అరుపుకి ప్రార్థనామందిరంలో వాయిద్యం సాధన చేసుకుంటున్నాయన ఆపేసి వచ్చి చూశాడు. సిరిల్ కుర్చీ తన్నాడు. అది కుంటుకుంటూ గోడకి కొట్టుకుంటే, అడ్డొచ్చినందుకు గోడని తిట్టాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలోంచి మళ్లీ తల పెట్టి "బాతులు!" అని పోయాడు. సిగ్నళ్ల మీద ప్రేమ ఉండొచ్చు కానీ, బాతులంటే అంత పగ ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ప్రదర్శన రోజు వాన. వాన పడితే మా ఊళ్లో పిల్లాపాపలతో వెళ్లడానికి మా హాలు తప్ప దిక్కులేదు. కోట్లలోంచి నీళ్లు కారుతున్న జనం బల్ల చుట్టూ కిక్కిరిశారు. ఎర్ర ప్రయాణికుల రైలు ముచ్చటగా వచ్చి సిగ్నల్ ముందు ఆగింది. ఆగి, ఇక కదలలేదు.

"నానమ్మా, పాడైపోయిందా?" అని ఒక పిల్ల.

"లేదమ్మా, అచ్చం నిజం రైల్లా చేశారు" అంది నానమ్మ.

జనం నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. వెనకవాళ్లు తలుపువైపు జరగడం మొదలుపెట్టారు. రోలాండ్ మొహం ఉడికించిన బీట్‌రూట్ అయింది.

"సిరిల్! వదులు!"

సిరిల్ చెయ్యి అడ్డంగా చాపాడు. "సిగ్నల్ పడలేదు."

"జనం పోతున్నారు!"

"సిగ్నల్ పడకుండా పోతున్నారా? బుద్ధిలేని జనం!"

రోలాండ్ నా వైపు తిరిగి చేతిలో కటింగ్ ప్లయర్ పెట్టాడు. "బెరిల్, కిందికి దూరు. ఆ చివరినుంచి వచ్చే పసుపు వైరు. కోసెయ్. మోకాళ్లు వంగేది నీ ఒక్కదానికే."

సంతోషంగా దూరాను. అబద్ధం ఎందుకు, ఎన్నాళ్లనుంచో ఆ వైరు మీద నాకూ పళ్లు నూరుడే. పసుపు వైరు పట్టుకుని బల్లకింద పాక్కుంటూ ఆ చివరిదాకా పోయాను. మెరుస్తున్న ఐవర్ బూట్లు కనిపించాయి. ఆ పక్కనే, ఐవర్ గంటమీట నుంచి దిగిన వైరు నేరుగా సిరిల్ వైపు పోకుండా, బల్లకి బిగించిన ఒక పొగాకు డబ్బాలోకి దూరింది. డబ్బాలోంచి మళ్లీ బయటికొచ్చి, అప్పుడు బయల్దేరింది. ఇదేం వంకర అని మూత తీసి చూస్తున్నానో లేదో, లోపల చిన్న చిన్న మీటలు టపటపటపమని రేకు మీద వడగళ్లలా కొట్టుకున్నాయి.

తలెత్తి చూశాను. పైన ఐవర్ చెయ్యి గంటమీట మీద ఉంది. ఒక్కసారి నొక్కుదామనుకున్న చెయ్యి వణికి వణికి ఎన్నోసార్లు నొక్కుతోంది. ఆయన రెండో చేత్తో దాన్ని అదిమిపట్టుకుని, కిందికి దించి, మోకాలి మీద పెట్టుకున్నాడు. సగం కప్పు టీ ఎందుకో అప్పుడు తెలిసింది.

వడగళ్లు ఆగేదాకా డబ్బా ఓపిగ్గా ఊరుకుంది. అన్నీ సద్దుమణిగాక, తనంతట తాను "టక్" అని ఒకే ఒక్కసారి కదిలింది. దూరంగా మేజోడులో గంట ఒక్కటంటే ఒక్కటి మూలిగింది. పైన సిగ్నల్ వాలిన చప్పుడు, రైలు కదిలిన చప్పుడు, పిల్లల కేకలు.

చేతిలో ప్లయర్‌తో అలాగే కూలబడ్డాను. నాకు ఒళ్లు మండిపోయింది. ముందే చెప్పి చావొచ్చుగా! ఇన్ని శనివారాలు తిట్టించుకునే బదులు ఒక్క ముక్క నా చెవిన వేస్తే పోయేదేముంది?

బల్లగుడ్డ ఎత్తి సిరిల్ తల తలకిందులుగా ప్రత్యక్షమైంది.

"బెరిల్! చేతిలో ఏంటది?" గొంతు తగ్గించి అరిచాడు. అలా అరవడం అతనికే సాధ్యం.

"కొయ్యలేదులే. ఈ డబ్బా ఏంటి సిరిల్?"

"గంటకి."

"గంటకా, ఐవర్ చేతికా?"

"గంటకి! వణికేది గంట. ఐవర్ కాదు. అర్థమైందా? ఆయన చెయ్యి బ్రహ్మాండంగా ఉంది!"

"ఆయనకి తెలుసా?"

"గంట పాతదని చెప్పాను. పాతదే. ఇక నోరు మూసుకుని బయటికి రా. ఇంకో రైలు నిలబడింది."

నిలబడింది. జనం మళ్లీ గొణుగుతున్నారు. నేను బయటికొచ్చేసరికి రోలాండ్ గుడ్లురుముతున్నాడు.

"కోశావా?"

నేను కుడిచెయ్యి భుజానికి సమానంగా చాపి అతని ముక్కు ముందు నిలబెట్టాను.

"సిగ్నల్ పడలేదు రోలాండ్! కనపడట్లేదా?"

"నీక్కూడా పట్టిందా పిచ్చి?"

"పట్టింది! రెక్క అడ్డంగా ఉంటే ఆగాలి. నువ్వూ ఆగాలి, రైలూ ఆగాలి, ఈ ఊరంతా ఆగాలి!" అని హాలు దద్దరిల్లేలా కేకేశాను. ఇన్నాళ్లూ లోపల మగ్గబెట్టిన కోపమంతా ఆ ఒక్క కేకలో పోయింది. ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇందాకటి పిల్ల నన్ను చూసి తనూ చెయ్యి చాపింది. దాని పక్కవాడు చాపాడు. వాళ్లని చూసి వెనకున్నవాళ్లు. తలుపుదాకా పోయిన నానమ్మలు తిరిగొచ్చి గొడుగులు అడ్డంగా పట్టారు. హాలంతా చేతులు చాపి, ఊపిరి బిగబట్టి, గోరంత ఎర్ర రెక్కనే చూస్తూ నిలబడింది. చాలాసేపు నిలబడింది. ఒక్కరూ కదల్లేదు. రెక్క వాలింది. చేతులన్నీ ఒక్కసారి వాలాయి. పైకప్పు ఎగిరిపోయేలా కేకలు.

"మళ్లీ! మళ్లీ ఆపండి!" అని పిల్లలు.

ఆ సాయంత్రం దాకా జనం తగ్గలేదు. పక్కనే, ప్రదర్శనకి వచ్చిన వేరే క్లబ్బువాళ్ల రైళ్లు ఆగకుండా గిరగిరా తిరుగుతుంటే చూసే నాథుడు లేడు. బాతుల మాట రోలాండ్ మళ్లీ ఎత్తలేదు. పైగా ఆపడమనే ఆలోచన తనదేనని పత్రికవాళ్లతో చెప్పుకున్నాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

అంతా అయ్యాక టీ బల్ల దగ్గర చేరాం. ఐవర్‌కి సగం కప్పు ఇచ్చాను. ఆయన మొహం వెలిగిపోతోంది. నన్ను పక్కకి పిలిచి, సిరిల్‌కి వినపడదనుకుని, కానీ చక్కగా వినపడేట్టు చెప్పాడు.

"తల్లీ, సిరిల్ మీద కేకలెయ్యకండమ్మా. మనిషి మంచివాడు. కాకపోతే చెయ్యి కాస్త నిదానం. నేను గంట కొట్టాక కూడా సిగ్నల్ ఇవ్వడానికి ఎంతసేపు పడుతుందో చూస్తున్నారుగా! మా రోజుల్లోనూ కొత్తవాళ్లు ఇలాగే ఉండేవాళ్లు. నేర్చుకుంటాడు. నేను ఓపికపడుతున్నాను కదా, మీరూ కాస్త ఓపికపట్టండి."

సిరిల్ మొహంలో రంగులు మారాయి. మెడ ఉబ్బింది. నోరు తెరిచాడు.

నేను చెయ్యి అడ్డంగా చాపాను.

సిరిల్ ఆగాడు. "నేర్చుకుంటాను ఐవర్" అన్నాడు పళ్లు పటపట కొరుకుతూ.

"శభాష్" అన్నాడు ఐవర్.

అప్పుడు చెయ్యి దించాను. సిరిల్ పళ్లెంలోంచి బిస్కెట్ లాక్కుని, దాన్ని నా మొహం ముందు ఆడిస్తూ విరుచుకుపడ్డాడు.

"బెరిల్! నీ చెయ్యి వాలాక ఊగలేదు!"