మగపెళ్ళివారి తరఫున ఒక్కరు

మా పంతులమ్మగారు పోయారు. తెనాలి నుంచి కబురొచ్చింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చున్నారట. పక్కింటావిడ పలకరిస్తే పలకలేదట. ఒకరిచేత పని చేయించుకోవడం ఆవిడకు ఏనాడూ గిట్టదు. పోయేటప్పుడూ అంతే.

పంతొమ్మిదివందల అరవైల్లో మా ఆడపిల్లల బడిలో ఆవిడ లెక్కలు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం తెనాలిలో ఎవరికీ లేదు. ఎప్పుడూ తెల్లటి నేతచీర, చేతులనిండా సుద్దపొడి. క్లాసులో ఎవరైనా ఏడిస్తే ఓదార్చడమన్నది లేదు. "ఏడుపుకేం, దానంతటదే వస్తుంది. చెయ్యాల్సిన పని రాదు. అది చూడు," అనేవారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడది రాతిగుండె అని నిశ్చయించేసుకున్నాను.

డెబ్భై ఏడులో నాకు రేపల్లె అవతలి పల్లె సంబంధం కుదిరింది. అబ్బాయికి బాపట్లలో ఉద్యోగం. తాంబూలాలు పుచ్చుకున్న కొద్దిరోజులకే, కార్తీకంలో ఉప్పెన వచ్చింది. ఆ రాత్రి బాపట్లలో ఉండబట్టి ఆయన బతికారు. అమ్మ, నాన్న, అన్న, వదిన, ఇల్లు, గొడ్డూ గోదా అన్నీ సముద్రం తీసుకుపోయింది. రోజుల తరబడి బురదలో వెతికారు. ఒక్కరి శవమూ దొరకలేదు.

ఏటి మైల తీరాక మా నాన్న పెళ్ళిమాట ఎత్తారు. అప్పటికే ఊళ్ళో కొందరు నాది నష్టజాతకమని తేల్చేశారు. ఆయన నన్నేమీ అనలేదు గానీ, "నా తరఫున నిలబడేవాళ్ళు ఒక్కరు లేరండి. దిక్కులేనివాడిలా పీటల మీద కూర్చోలేను. నన్నొదిలెయ్యండి," అన్నారు. నాన్నకు ఏం తోచక పంతులమ్మగారి దగ్గరికి వెళ్ళి కూలబడ్డారు.

ఆవిడ ఆయన్ని మా ఇంటికి పిలిపించారు. సానుభూతి మాట ఒక్కటి లేదు.

"మీ అమ్మగారి పెళ్ళి ఎలా జరిగిందో ఆవిడ ఎప్పుడైనా చెప్పారా, బాబూ?"

ఆయన తెల్లబోయారు. "చెప్పేదండి. నా పెళ్ళీ అలాగే చేయిస్తాననేది."

"అయితే చెప్పు. పందిరి దేనితో వేశారు?"

"తాటాకులండి."

"అడ్డుతెర?"

"పేరాల నేత. ఎర్రంచుది. ఆ బట్ట చాలాకాలం మా పెట్టెలో ఉండేదండి."

అలా మధ్యాహ్నమంతా అడుగుతూనే ఉన్నారు. సన్నాయి ఎవరు, వంటలేంటి, తలంబ్రాలు దేనిలో కలిపారు అని. ఏడాదిగా నోరు విప్పని మనిషి చివరికి అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టారు.

అప్పటికి తెనాలిలో పెళ్ళంటే షామియానా, మైకు సెట్టు, రంగు బల్బులు. మా పెళ్ళికి అవేవీ వద్దన్నారు పంతులమ్మగారు. పేరాల వెళ్ళి ఎర్రంచు తెర నేయించారు. తలంబ్రాలకు వెదురుచేటలు, ఊరేగి రావడానికి కొలకలూరు నుంచి గూడుబండి తెప్పించారు. "కాలం వెనక్కి నడుస్తోందా ఏంటి!" అని మా మేనత్త మూతి తిప్పింది. బంధువులందరినీ పిలవనివ్వలేదని నాన్నకూ కష్టమేసింది.

"ఆ అబ్బాయి పక్క ఖాళీగా ఉంటే, మన పక్క ఊరంతా ఎందుకండి?" అన్నారావిడ. నాన్న పిలుపుల చీటీ తీసి పేర్లు కొట్టెయ్యడం మొదలుపెట్టారు.

మాఘమాసంలో ముహూర్తం. ఎదురుకోలుకు మేమంతా వీధిచివర నిలబడ్డాం. బండిలోంచి ఆయన దిగారు. వెనకే పంతులమ్మగారు దిగారు, పట్టుచీరలో. ఆవిణ్ణి పట్టుచీరలో ఎవరం ఎప్పుడూ చూసింది లేదు. మగపెళ్ళివారు అంతే, ఇద్దరు. సన్నాయివాళ్ళు కూడా ఒక్క క్షణం తడబడ్డారు.

మాలో పుట్టింటివారు ఒక పుస్తె, అత్తింటివారు ఒక పుస్తె తెస్తారు. మంగళసూత్రధారణ వేళకు పురోహితుడు అలవాటు కొద్దీ గొంతెత్తి, "అత్తింటి పుస్తె! పెళ్ళికొడుకు తల్లిగారిని పిలవండి!" అనేశారు. అనేశాక పురోహితుడి ముఖం మాడిపోయింది. పందిట్లో అందరూ తలలు దించుకున్నారు.

"వస్తున్నానండి," అని వెనకనుంచి పంతులమ్మగారి గొంతు.

వచ్చి, కొంగుముడి విప్పి, తను చేయించి తెచ్చిన పుస్తె పళ్ళెంలో పెట్టారు. అప్పుడు నా పక్కన పీట మీద ఏడ్చారాయన. ఉప్పెన తర్వాత అదే మొదటిసారట. ఆవిడ ఆపమనలేదు. మా నాన్నవైపు తిరిగి, "ఇందాకటి కాఫీ ఏంటండీ అన్నయ్యగారూ, చల్లారిపోయింది! మగపెళ్ళివారంటే మరీ ఇంత చులకనా?" అని గదిమారు.

నాన్నకు అర్థమైంది. కళ్ళు తుడుచుకుంటూ, "తప్పయిపోయింది చెల్లెమ్మగారూ, మళ్ళీ కలిపిస్తాను," అన్నారు.

భోజనాలప్పుడు పప్పులో ఉప్పు లేదని అలిగారు. బూరెలు చిన్నవన్నారు. ఆయన తల్లి బతికుంటే ఏమేం వంకలు పెట్టేదో అన్నీ పెట్టారు. ఆ అధికారం తర్వాత కూడా వదులుకోలేదు. బాపట్ల వచ్చినప్పుడల్లా గడపలోనే, "మా అబ్బాయి చిక్కిపోయాడేంటమ్మా?" అని నన్ను నిలదీసేవారు. ఆ అబ్బాయి బొజ్జ అందరికీ కనిపిస్తూనే ఉండేది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. అత్తలేని లోటు నాకు తెలియనివ్వలేదు మహాతల్లి. ఆ రాతిగుండె నాకు ఇచ్చినంత నా సొంతవాళ్ళు ఇవ్వలేదు.

కబురు విని మేం తెనాలి వెళ్ళేసరికి ఆవిడ తమ్ముడి కొడుకులు వచ్చి ఉన్నారు. ఈయన వాళ్ళ ముందు చేతులు జోడించి, "తలకొరివి నన్ను పెట్టనివ్వండి. మా అమ్మకు పెట్టలేదు," అన్నారు. వాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

ఇన్నేళ్ళూ బాపట్లలో కాపురముండీ ఈయన సూర్యలంక వైపు వెళ్ళింది లేదు. పిల్లలు సముద్రం చూస్తామని ఏడిస్తే నేనే తీసుకెళ్ళేదాన్ని. అస్థికలు అక్కడే కలుపుతానని నిన్న ఆయనే అన్నారు. ఇవాళ నేను ఒడ్డున నిలబడ్డాను. ఆయన నడుములోతు నీళ్ళలోకి వెళ్ళి, కుండను గుండెకు హత్తుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. చివరికి వదిలారు. కెరటం దాన్ని లాక్కుపోయింది. ఆయన చేతులు మాత్రం ఇంకా కుండను పట్టుకున్నట్టే, నీళ్ళమీద అలాగే ఉండిపోయాయి.