వెనక్కొచ్చిన గుప్పెడు బియ్యం

ఉదయం కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, ముఖాలకు నల్లగుడ్డలు కప్పి వరసగా నిలబెట్టిన మనుషుల ఫొటో కనబడింది. ముందు బల్ల మీద దొరికిన సొత్తు, వెనకాల పోలీసులు. హిందూపురంలో మా ఇంట్లో ఇలాంటి పేజీ వస్తే మా ఆవిడ గబుక్కున మడిచేస్తుంది. ఈ వయసులో ఎవరి మీదా కోపం తెచ్చుకునే ఓపిక నాకు లేదు గానీ, ఆ ముసుగులు చూస్తే మా చిన్నాయన గుర్తొస్తాడు. ఇక ఆ రోజు ఏ పనీ సాగదు.

చిన్నాయన కాపురం పెనుకొండలో. రోజూ రైల్లో ధర్మవరం వెళ్ళి ఒక షావుకారు దగ్గర పట్టుచీరలు నేసేవాడు. మాట తక్కువ, ఎకసెక్కం ఎక్కువ. మందిరంలో ప్రార్థన మధ్య కునుకు తీసి, ఆమెన్ దగ్గర మాత్రం అందరికంటే గట్టిగా అరిచేవాడు. ఒకసారి షావుకారు ఇంట్లో చీరలు పోయాయి. ఆ రోజు చివరగా మగ్గం దిగింది చిన్నాయనే కాబట్టి ఆయన్నే పట్టుకెళ్ళారు. జైల్లోనే నెలలు గడిచిపోయాయి. మా క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళు ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు బియ్యం దేవుడికని డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తీసుకెళ్తారు. గంజితో సరిపెట్టుకున్న ఆ రోజుల్లోనూ చిన్నమ్మ గుప్పెడు తీయడం మానలేదు. తీసుకెళ్తే సంఘపెద్ద చెయ్యి చాపలేదు. "కేసు తేలినాక తెద్దువులేమ్మా" అన్నాడు. దేవుడి పేరున తీసిన బియ్యం వండుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. పురుగు పట్టకుండా వేపాకు వేసి మూలన పెట్టింది.

చివరికి అసలు దొంగ దొరికాడు. చిన్నాయన పక్క మగ్గం మీద నేసే మనిషే. చిన్నాయన ఇంటికైతే వచ్చాడు గానీ, మళ్ళీ మగ్గం ఇచ్చినవాళ్ళు లేరు. ఆ వారంలోనే సంఘపెద్ద వచ్చి, "ఇంగేం అడ్డం లేదప్పా, ఆదివారం బియ్యం తీసుకురాండి" అన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. చిన్నాయన లేచి డబ్బా చంకన పెట్టుకున్నాడు. "ఇవి ధర్మవరం పోతాండాయి. ఆయప్ప జైల్లో ఉండాడు. పెండ్లాం బిడ్డలు ఏం తింటాండారో ఏమో."

"దొంగోని ఇంటికా?" అన్నాడు పెద్ద.

"సిలువ మింద యేసయ్యకి అటూ ఇటూ ఉన్నది ఎవురప్పా? దొంగలా, సంఘపెద్దలా?"

చిన్నమ్మ ఏడుస్తూనే నవ్వింది. నాకు మాత్రం ఆ దొంగ మీద ఒళ్ళు మండిపోతోంది. రైలు కోసం స్టేషన్‌లో కూర్చున్నప్పుడు, వాడి మీద కోపం లేదా అని అడిగాను. "ఎందుకుండదబ్బా, శానా ఉండాది" అన్నాడు చిన్నాయన, డబ్బా మూత సరిచేస్తూ. "అయితే జైలుకు పోయినోని పెండ్లానికి ఎవురూ బియ్యం ఇయ్యరు. మీ చిన్నమ్మని చూసినాం గదా."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ధర్మవరంలో పాతవాళ్ళకు ఆయన్ను గుర్తుచేయాలంటే ఇప్పటికీ "చీరల కేసాయన" అనాల్సిందే. అసలు దొంగ ఎవరో వాళ్ళలో ఒక్కరికీ గుర్తులేదు. ఫొటోలోని మనుషుల ముసుగులు సాయంత్రానికి తీసేసి ఉంటారు. చిన్నాయన మీద వేసినదాన్ని తీయడానికి ఆయన బతికినన్నాళ్ళూ చాలలేదు.